"నానెల్తే జాగా ఎవులు సూత్తారు?": వరద తర్వాత మళ్లీ ఓడెక్కిన పెద్దావిడ, ఒక కేస్ స్టడీ

కోడలు ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదులు నాలుగు. "అత్తమ్మ మంచం మీద పంటలేదు మేడం, కిందనే చాపేస్కొని పంటది. బాత్రూంకు పోదాం రమ్మంటె రాదు. గ్లాసెడు నీళ్లిస్తె గుక్కెడు తాగి మిగిలినయి దాస్తది. రాత్రి రెండు గొట్టంగ లేసి అందర్ని లెక్కవెడ్తది." విడివిడిగా చూస్తే మతిమరుపు జబ్బున్న ఏ ఇంట్లోనైనా కనిపించేవే ఇవి. కలిపి చూస్తే వాటి వెనక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఎక్కడిదో తెలిశాకే చికిత్స దారిలో పడింది.

నేను పెద్దవయసువాళ్ల మానసిక ఆరోగ్యం చూసే సైకాలజిస్టుని. మందులు రాసేది మా సైకియాట్రిస్టు, ఇళ్లకు తిరిగేది నేను. కుటుంబం ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

పెద్దావిడకు అప్పటికి 83 ఏళ్లు. ఇల్లు హనుమకొండలో, నయీంనగర్ నాలాకు ఎంతో దూరం లేదు. కొడుకు కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. కోడలిది జనగామ దగ్గర పల్లె. మనవరాలు డిగ్రీ చదువుతోంది. రెండేళ్లుగా పెద్దావిడకు మరుపు పెరుగుతూ వచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, అడిగిందే అడగడం, మనవరాల్ని ఇంకెవరి పేరుతోనో పిలవడం. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బనుకోలేదు. వయసు మీద పడింది, అంతే అనుకున్నారు. మన దగ్గర డిమెన్షియా కేసులు చాలావరకు ఇలాగే, ఏదో ఒకటి తెగేదాకా ఇంట్లోనే నడుస్తాయి.

ఇక్కడ తెగింది 2023 జూలై 27న. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడిన రోజు అది. హసన్‌పర్తి, కాజీపేట మధ్య పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. రెండు రోజుల తర్వాత భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఈ కుటుంబం ఉండే వీధిలో నడుం లోతు నీళ్లు. రబ్బరు పడవ వచ్చి ఇంటింటికీ ఆగి జనాన్ని ఎక్కించుకుంది. ఒక్కొక్కరికీ ఒక సంచి. అక్కడి నుంచి ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లారు. నేల మీద వరసగా చాపలు, కుటుంబానికి ఇంత అని చోటు, నీళ్లకు లైను, పేర్లు రాసుకునే రిజిస్టరు. కొన్నాళ్లకు ఇంటికొస్తే మంచం బురదలో నాని పాడైపోయింది. అందరూ తిరిగొచ్చారు, ఆవిడ మాత్రం రాలేదు.

ముందు ఒళ్లు

చుట్టుపక్కలవాళ్లు గాలి సోకిందన్నారు. కాజీపేట దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. దానివల్ల నష్టమేమీ లేదు, దర్గా ఆవరణలో ఆవిడ కాసేపు ప్రశాంతంగా కూర్చున్నారని కొడుకు చెప్పారు. నష్టం చేసింది చీటీ లేకుండా కొనితెచ్చిన నిద్రమాత్ర. వృద్ధుల్లో, అందులోనూ మెదడు ఇప్పటికే తడబడుతున్నవాళ్లలో, అల్ప్రజోలాం లాంటి మాత్రలు గందరగోళాన్ని పెంచుతాయి, పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతాయి. ఈవిడ పగలంతా మగతలో, రాత్రంతా కలవరంలో ఉన్నారు. గోడ మీద మనుషులు కనిపిస్తున్నారన్నారు.

పరీక్షల్లో తేలింది మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం బాగా తగ్గడం, ఒంట్లో నీరు తక్కువ కావడం. అంటే డిమెన్షియా మీద డెలీరియం, ఒంటి జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం, కూడా కమ్ముకుంది. హఠాత్తుగా ముదిరిన గందరగోళానికి కారణం మనసులో వెతికే ముందు మూత్రం, సోడియం, షుగరు, థైరాయిడ్, బి12, ఆవిడ మింగుతున్న మాత్రల జాబితా చూడాలి. ఇది చాలాసార్లు చెప్పిన మాటే, అయినా మా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇక్కడే తప్పిపోతున్నాయి.

యాంటీబయాటిక్ పడింది, సోడియం మెల్లగా సరిచేశారు, నిద్రమాత్ర ఆపారు. గోడ మీది మనుషులు పోయారు. పగటి చూపు నిలకడగా మారింది. చదువురాని పెద్దల కోసం మన దేశంలోనే తయారైన హెచ్‌ఎంఎస్‌ఈ పరీక్ష పెడితే డిమెన్షియా మధ్యదశలో ఉన్నట్టు తేలింది.

కానీ ఆ నాలుగు అలవాట్లూ అలాగే ఉన్నాయి. చాప, బాత్రూం, నీళ్లు, లెక్క. ఇన్ఫెక్షన్ వల్ల ఈ అలవాట్లు వచ్చాయని మేమూ ఇంట్లోవాళ్లూ అనుకున్నది తలకిందులైంది. నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని కూర్చోవడం వల్లే ఇన్ఫెక్షన్ వచ్చింది. అలవాటు ఆగకపోతే మళ్లీ వస్తుంది.

చాప

హాల్లో టీవీకి ఎదురుగా గోడ పక్కన నీలం ప్లాస్టిక్ చాప. ఒక మూల చెప్పుల జత, ఇంకో మూల స్టీలు గ్లాసు, మూడో మూల కూల్‌డ్రింకు సీసాలో సగం నీళ్లు, నాలుగో మూల పాత రేకు పెట్టె. పెట్టె హ్యాండిల్‌కి కొంగు ముడివేసుకుని కూర్చుంటారావిడ. చాప అంచు వెంట వేలితో గీత గీసినట్టు రాస్తూ ఉంటారు, ఒక చివరి నుంచి ఇంకో చివరికి, మళ్లీ వెనక్కి. చాపలో మూడొంతులు ఆవిడది. మిగతా వంతులో నాలుగు మడతలు వేసిన తువ్వాలు. ఎవరైనా దాని మీద కాలు పెడితే అరుపు. మనవరాలు ఒకసారి దాన్ని ఉతకడానికి తీస్తే చేతి మీద గోళ్ల గాట్లు పడ్డాయి.

బాత్రూంకి ఎందుకు వెళ్లడం లేదని నేనడిగాను. నావైపు చూసి, ఇంత తెలీదా అన్నట్టు, "నానెల్తే జాగా ఎవులు సూత్తారు?" అన్నారు.

ఇంట్లోవాళ్లు ఈ మాట వినకపోలేదు. రోజూ విన్నారు. జవాబుగా "ఇది మన ఇల్లే నానమ్మా, ఎవరూ తీసుకోరు" అని చెప్పారు. మంచి మాటే. కానీ ఆవిడ ఉన్నది ఇంట్లో కాదు కాబట్టి అది ఆవిడకు అంటలేదు.

ఎక్కడ ఉన్నారు?

కొడుకుది రంగూన్‌లో పుట్టుక. మూడేళ్ల వయసులో ఓడలో వచ్చారు. "ఆ ఓడలో నేనూ ఉన్నా, నాకేం గుర్తులేదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు" అన్నారు. చెప్పగలిగింది విశాఖలో ఉన్న ఆవిడ మరిది. ఓడెక్కేనాటికి ఆయనకు పదిహేడేళ్లు. ఫోన్‌లో ఆయనతో చాలాసేపు మాట్లాడాను. ఈ కేసులో నాకు దొరికిన అసలైన పరీక్ష రిపోర్టు అదే.

ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అంటారు. రంగం వెళ్లడం అక్కడి పల్లెల్లో తరాల ముచ్చట. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిపోయారు కాబట్టి బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడింది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చినవాళ్లలో తెలుగువాళ్లు పెద్ద భాగం. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఆ మాటకొస్తే 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, వెళ్లినవాళ్లు పరదేశం వెళ్తున్నామనుకోలేదు. 1930 మేలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో దెబ్బతిన్నది ముఖ్యంగా తెలుగు కూలీలు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు, వేలమంది దారిలోనే పోయారు. మా పెద్దావిడ ఆ నడకలో తల్లి చంకన ఉన్న పసిపిల్ల. యుద్ధం ముగిశాక తండ్రి మళ్లీ కుటుంబాన్ని రంగం తీసుకెళ్లాడు. అక్కడే పెరిగారు, అక్కడే పెళ్లి, అక్కడే కాన్పు.

1962 మార్చి 2న బర్మాలో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం పట్టాడు. 1963లో బ్యాంకులు, 1964 మార్చి, ఏప్రిల్ నెలల్లో దుకాణాలు సర్కారువయ్యాయి. ఈవిడ భర్తది పప్పులు, చింతపండు, ఎండుచేపలు అమ్మే చిన్న కొట్టు. దాని తలుపు మీద బోర్డు మారింది. మే 17న 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. డబ్బాలో దాచుకున్నది అంతా ఆ నోట్లే. ఆ ఏళ్లలో బర్మా వదిలిన భారతీయులు మూడు లక్షల దాకా ఉంటారని అంచనా. ఆ ఏడాది చివర్లో వీళ్లకు ఓడ దొరికింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సముద్రం మీద పారిపోయే శరణార్థులనగానే మనకు గుర్తొచ్చేది కిక్కిరిసిన చేపల పడవలు, మునకలు. అదే మయన్మార్ నుంచి, బంగ్లాదేశ్ శిబిరాల నుంచి 2023లో దాదాపు 4,500 మంది రోహింగ్యాలు పడవలెక్కితే 569 మంది చనిపోయారో గల్లంతయ్యారో అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క చెప్పింది. ఈవిడ ప్రయాణం అలాంటిది కాదు. భారత రాయబార కార్యాలయం ఇచ్చిన కాగితం చేతిలో ఉంది, ఓడ పెద్దది, అవతల ఒడ్డున ఎదురుచూస్తున్న ప్రభుత్వం ఉంది. కాబట్టి మునిగిపోతామన్న భయం చుట్టూ అల్లిన చికిత్సా పద్ధతుల్ని ఇక్కడికి ఎత్తుకొస్తే పని జరగదు. మా టీంలో ఒకరు మొదట ఆ దారే సూచించారు. నీళ్లు చూసి భయపడి ఉంటారు, ఆ భయాన్ని మెల్లగా తగ్గించాలి అని. కొడుకుని అడిగితే తెలిసిందేమిటంటే, వరద రోజు పడవలో అందరికన్నా ధైర్యంగా కూర్చున్నది ఈవిడే. ఏడుస్తున్న పక్కింటి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పడవ నడిపే కుర్రాణ్ని "పేర్లు రాసుకున్నారా నాయనా?" అని అడిగారట. ఆవిడకు నీళ్లంటే భయం లేదు. భయం చోటు పోతుందని, లెక్కలో పేరు తప్పుతుందని.

మరిది చెప్పిన ఓడ కథ ఇదీ. డెక్కు మీద చోటు ఎవరూ కేటాయించలేదు. ముందెక్కినవాళ్లు చాప పరిచి, పెట్టెలు హద్దులుగా పెట్టుకున్నారు. లేచి వెళ్తే చాప ఇంత జరిగేది, రెండోసారి వెళ్తే ఇంకాస్త. పెట్టె పోతే కాగితాలు పోతాయి, కాగితాలు పోతే ఒడ్డున దిగాక మనిషే లేనట్టు. అందుకని ఆడవాళ్లు పగలు నీళ్లు తక్కువ తాగి, మరుగుదొడ్డికి చీకటి పడ్డాకే, అదీ ఎవరో ఒకరు కాపలా ఉంటేనే వెళ్లేవారు. మంచినీళ్లు వేళకే ఇచ్చేవారు, పట్టుకున్నది దాచుకోవాలి. తెల్లారగట్ల ఒకాయన జాబితా పట్టుకుని తలలు లెక్కపెట్టేవాడు. "ఒదిన ఆడికంటే ముందే లేచి మమ్మల్నందర్నీ లెక్కేసేసేది, ఒకడు తక్కువైతే ఆడు కేకలేత్తాడని" అన్నారాయన.

నాలుగు ఫిర్యాదులకూ జవాబు దొరికింది. నేల మీద పడక, బిగబట్టుకున్న మూత్రం, దాచిన నీళ్లు, రెండు గంటల లెక్క. 1964లో ఇరవై నాలుగేళ్ల పిల్లతల్లి ఓడ మీద చేయాల్సినవన్నీ సరిగ్గా చేసింది. ఫంక్షన్ హాలు నేల మీద ఆ చాపల వరస చూడగానే ఆ శరీరానికి ఏం చేయాలో గుర్తొచ్చింది. డిమెన్షియాలో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి నిలుస్తాయి. ఈవిడలో హనుమకొండ పోయింది, డెక్కు నిలిచింది.

అయితే రంగంలో ఇరవై ఏళ్లున్నారు, విశాఖ బర్మా క్యాంపులో ఏళ్లున్నారు, రైల్వే క్వార్టర్లలో ఇంకెన్నో ఏళ్లు. వాటిలో దేనికీ వెళ్లకుండా మూడు నాలుగు రోజుల ప్రయాణంలోకే ఎందుకు వెళ్లారు? నా ఉద్దేశం, మిగతా చోట్లన్నీ ముగిశాయి. రంగంలో కొట్టుకు తాళం వేసి వచ్చారు, క్యాంపు నుంచి క్వార్టర్‌కి సామాను మార్చారు. ఓడ మాత్రం ముగియలేదు. దానికి కారణం తువ్వాలు.

తువ్వాలు

పెద్దావిడ చెల్లెలు రంగంలోనే బర్మా ఆయన్ని చేసుకుంది. అత్తవారు వద్దన్నా కొన్నాళ్లకు ఆమె కూడా వచ్చేద్దామనుకుంది. రేవు దాకా వచ్చింది, కాగితాలు తెమలలేదు. "ఎల్లు అప్పా (అక్కా), కుదిరితే ఎక్కేత్తాను, లేపోతే వచ్చే ఓడకి" అందట. ఓడ కదిలేదాకా వస్తుందేమోనని పెద్దావిడ చాప మీద తువ్వాలు పరిచి చోటు పట్టారు. ఓడ నది దాటింది. రంగూన్ సముద్రపు ఒడ్డున లేదు, లోపల నది మీద ఉంది. మట్టిరంగు నీళ్లలో చాలాసేపు పోవాలి, ష్వేడగోన్ పగోడా బంగారు శిఖరం వెనక కనిపిస్తూనే ఉంటుంది. అది కనుమరుగయ్యాక కూడా తువ్వాలు తీయలేదు. ఖాళీ చోటెందుకని పక్కవాళ్లు గొడవ పడ్డారు. విశాఖ చేరేదాకా పోట్లాడుతూనే ఉన్నారట. "మా అన్న తిట్టాడు. ఒదిన మాట్లాడలేదు. అలాగే తువ్వాలు మీద చెయ్యేసి తొంగుంది."

చెల్లెలు తర్వాతి ఓడలో రాలేదు. ఉత్తరాలు వచ్చేవి, 1988లో అక్కడ అల్లర్లు జరిగిన తర్వాత అవీ ఆగాయి.

పోయారని తెలిస్తే ఏడుస్తాం, కర్మ చేస్తాం, ఏడాదికోసారి తలుచుకుంటాం. వస్తానన్నవాళ్లు రాకపోతే చేయడానికి మన దగ్గర తంతు లేదు. ఇటు చేరాక ఆవిడకు సర్కారు కాగితం వచ్చింది. బర్మా నుంచి 1963 జూన్ 1 తర్వాత వచ్చినవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాల్లో వయసు సడలింపు ఉండేది, కొడుకు రైల్వేలో చేరడానికి అది అక్కరకొచ్చింది. ఆ కాగితంలో బయల్దేరిన ఊరుంది, చేరిన తేదీ ఉంది. ఎవర్ని వదిలి వచ్చారన్న గడి లేదు. మా కేస్ షీటులోనూ లేదు కానీ, అది వేరే సంగతి.

ఇంట్లో ఏం చేశాం

ఓడ నుంచి ఆవిడను దింపే ప్రయత్నం మానేశాం. ఓడలోనే ఆరోగ్యంగా ఉండే ఏర్పాటు చేశాం.

మొదట కాపలా. బాత్రూంకి తీసుకెళ్లేది కోడలు, చాప మీద కూర్చునేది మనవరాలు. "నేను జాగా చూస్తా నానమ్మా, నువ్వెళ్లి రా" అని చెప్పి, పెట్టె మీద చెయ్యేసి కూర్చోవాలి. చెయ్యి వేయడం ముఖ్యం. ఉత్తమాటకు ఆవిడ లేవలేదు, చెయ్యి పడ్డాక లేచారు. తిరిగొచ్చి చాప అంచు సరిచూసుకుని, మనవరాల్ని "బాగా సూసేవు గుంటా" అని మెచ్చుకున్నారు. పగలు మూడు గంటలకోసారి ఇదే. మనవరాలు కాలేజీకి వెళ్తే పక్కింటామె. ఆమెకు కూడా ఇది ఎందుకో చెప్పి ఒప్పించాం. మొదట నవ్వింది, తర్వాత అందరికన్నా శ్రద్ధగా చేసింది ఆమే.

నీళ్లకు వేళలు పెట్టాం. "నీళ్లు తాగండి" అంటే పనిచేయదు, ఓడలో నీళ్లు ఎవరూ బతిమాలి ఇవ్వరు. "నీళ్లు ఇస్తున్నారు, పట్టుకోండి" అంటూ గ్లాసు, సీసా రెండూ నింపాం. దాచుకోవడానికి సీసా ఉందని తెలిశాక గ్లాసులోవి తాగేశారు. రోజూ ఎంత లోపలికి పోయిందో కోడలు క్యాలెండర్ మీద గీతలు పెట్టింది. సోడియం సమస్య ఉన్నప్పుడు నీళ్లు ఎంత పట్టించాలో డాక్టరు చెప్పాలి, ఊరికే పోయకూడదు. ఇది ఇలాంటి పని చేసే ప్రతి ఇంటికీ చెప్తాను.

మంచం మళ్లీ కొనవద్దన్నాను. కింద మందపాటి పరుపు వేసి, దాని మీద ఆ చాపే పరిచాం. పడిపోయే భయం పోయింది. గోడకు పట్టుకుని లేవడానికి కడ్డీ బిగించారు. రాత్రి చిన్న బల్బు.

లెక్కది కొడుకు పని. రాత్రి పడుకునే ముందే అందరూ చాప ముందు నిలబడి "ఉన్నాం" అనాలి. ఇంత వయసొచ్చి అమ్మ ముందు హాజరు వేయించుకోవడం ఆయనకు మొదట ఇబ్బందిగా ఉండింది. రెండింటి లెక్క పూర్తిగా ఆగలేదు కానీ, ఆవిడ కూర్చున్నచోటి నుంచే తలలు చూసి పడుకోవడం మొదలైంది. ఇల్లంతా తిరిగి అందర్నీ లేపడం తగ్గింది.

మందుల విషయం క్లుప్తంగా. మతిమరుపుకు వాడే డొనెపెజిల్ మొదలైంది, ఆవిడకు పడింది. మొదటి గడ్డురోజుల్లో కొద్ది మోతాదు క్వెటియాపిన్ అనే యాంటీసైకోటిక్ మందు ఇచ్చి తర్వాత ఆపేశారు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులతో మరణ ప్రమాదం పెరుగుతుందని 2005 నుంచీ హెచ్చరిక ఉంది, కాబట్టి తప్పనిసరైతేనే, తక్కువ రోజులే.

"చిన్నమ్మ వచ్చిందని చెప్పేద్దామా?"

కొడుకు అడిగిన ప్రశ్న ఇది, చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎలాగూ నిమిషంలో మర్చిపోతారు, ఒక్కసారి చెప్తే హాయిగా నిద్రపోతారు కదా అని ఆయన వాదన. ఇలాంటి చిన్న అబద్ధాల్ని మా వృత్తిలో చాలామంది ఒప్పుకుంటారు. పోయిన భర్త కోసం అడిగితే "పనికెళ్లారు" అనడం నేనూ కొన్నిచోట్ల తప్పుపట్టలేదు. ఇక్కడ మాత్రం వద్దన్నాను. చెల్లెలు వచ్చిందంటే తర్వాత మాట "ఏదీ?" అవుతుంది. తువ్వాలు మీద కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. మనవరాల్ని కూర్చోబెడదామా అని కూడా అనుకున్నారు. ఆ పిల్లని ఆవిడ అప్పటికే కాపలా మనిషిగా గుర్తిస్తున్నారు. ఆ ఒక్క నమ్మకం మీద బాత్రూం, నీళ్లు అన్నీ నడుస్తున్నాయి. దాన్ని పణంగా పెట్టలేం.

అలాగని "చిన్నమ్మ రాలేదు, ఇక రాదు" అనడం కూడా వద్దు. ఒకసారి చుట్టాలెవరో అలా అన్నారు. ఆవిడకు ఆ కబురు అప్పుడే కొత్తగా తెలిసినట్టయింది. మర్నాడు దుఃఖం మిగిలింది, దాని కారణం మాత్రం గుర్తులేదు.

చివరికి కుదిరిన మాట కోడలిది. ఎవరూ నేర్పలేదు. ఒక సాయంత్రం "ఒలే, ఓడ వచ్చిందేటి?" అని ఆవిడ అడిగితే, "ఇంక కబురు రాలే అత్తమ్మా, వస్తె నేనే చెప్త. నీ చెల్లె ఎట్లుంటదో చెప్పు" అంది. అందులో అబద్ధం లేదు. కబురు నిజంగానే రాలేదు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. చెల్లెలు చెంపలకు తనకా (బర్మా ఆడవాళ్లు పూసుకునే చెట్టు బెరడు గంధం) పూసుకునేదని, జడ మోకాళ్ల దాకా అని, పులుసులో ఙపి వేస్తే తప్ప అన్నం తినేది కాదని. బర్మా రొయ్యల ముద్ద గురించి జనగామ కోడలు ముక్కు మూసుకుని విన్నది. అరవై ఏళ్లుగా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది ఆ ఒక్కతే. 1963 నుంచీ మా వృత్తిలో పెద్దవాళ్ల చేత గతం చెప్పించడాన్ని చికిత్సగా రాస్తూ వచ్చారు. ఇక్కడ అది అన్నం కలుపుతూ జరిగింది.

మరిది విశాఖ నుంచి వారానికోసారి వీడియో కాల్ చేస్తున్నారు. ఆవిడకు ఆయన ముఖం గుర్తురాదు, గొంతు మాత్రం గుర్తుపడతారు. ఇద్దరూ మధ్యమధ్యలో బర్మా మాటలు ఆడుకుంటారు. "తమిన్ సా పీ బీ లా?" అని ఆయన అడుగుతారు, అన్నం తిన్నావా అని. ఆవిడ నవ్వుతారు.

కుదరనివి

మనవరాలు యూట్యూబులో యాంగాన్ (రంగూన్ ఇప్పటి పేరు) వీడియోలు పెట్టింది. పెద్ద మేడలు, మాల్స్. ఆవిడ ఆసక్తి లేకుండా చూశారు. తర్వాత రేవు కనిపించగానే లేచి పెట్టె పట్టుకున్నారు, ఆ రాత్రంతా జాగారమే. పాత చోట్ల ఫొటోలు, వీడియోలు అందరికీ మేలు చేస్తాయనే నమ్మకం మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. తిరిగి చూసుకోవడానికి ఇష్టపడే గతం వేరు, ఇంకా దాటుతున్న గతం వేరు.

డే కేర్‌కి పంపే ప్రయత్నం ఒక్కపూట కూడా నిలవలేదు. హాల్లో వరసగా కుర్చీలు, పేర్ల రిజిస్టరు. అక్కడ ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

గోడకు "ఇది హనుమకొండ, ఈరోజు మంగళవారం" అని బోర్డు పెట్టే పద్ధతి ఉంది. తొలిదశలో పనికొస్తుంది. ఈవిడకు చదవడం రాదు, చదివి వినిపిస్తే కోపం వచ్చింది.

కోడలి నిద్ర

ఈ కేసులో రెండో రోగి కోడలు అనాలి. ఆరు నెలలుగా ముక్కలు ముక్కలుగా నిద్రపోయింది, బీపీ పెరిగింది. "అత్తమ్మకు ఓడ, నాకు ఇల్లు, రెండు నేనే నడుపుతున్న" అని ఒకసారి నవ్వుతూనే అంది. వారంలో రెండు రాత్రులు కాపలా కొడుకుకి అప్పజెప్పాం. రైల్వేలో ఎన్నో రాత్రులు మేలుకున్న మనిషి, అమ్మ పక్కన మేలుకోవడానికి ఇంత చెప్పించుకోవడం నాకు విసుగనిపించింది. మొత్తానికి ఒప్పుకున్నారు. రాత్రిళ్లు మరీ కష్టమైతే మాట్లాడటానికి టెలీ మానస్ 14416, పెద్దవాళ్ల సాయానికి ఎల్డర్‌లైన్ 14567 నంబర్లు ఫ్రిజ్ మీద అంటించాం. కోడలు 14416కి రెండు మూడుసార్లు ఫోన్ చేసింది, తెలుగులోనే మాట్లాడారని చెప్పింది.

ఇప్పుడు

తర్వాతి ఏడాదిలో మూత్ర ఇన్ఫెక్షన్ ఒక్కసారే వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాల్సిన పని పడలేదు. బరువు నిలకడగా ఉంది. జబ్బు మాత్రం తన దారిన పోతోంది. మాటలు తగ్గాయి, లెక్క ఇప్పుడు వేళ్ల మీదే, పెదాలు కదలవు. తువ్వాలు గురించి గొడవ లేదు, కానీ తీయడానికి ఎవరూ ప్రయత్నించడం లేదు కూడా. ఉతకాలంటే అలాంటిదే ఇంకోటి ముందు పరిచి, పాతది తీస్తారు.

వానాకాలం ముందు కుటుంబంతో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. నాలా పొంగే సూచన కనిపిస్తే పడవ వచ్చేదాకా ఆగకూడదు. ఎదురుగా ఉన్న రెండంతస్తుల ఇంటివాళ్లతో మాట్లాడి ఉంచారు. చాప, గ్లాసు, సీసా, పెట్టె, తువ్వాలు అదే వరసలో పైకి చేరాలి, ఆవిడను ఆ తర్వాతే తీసుకెళ్లాలి. కాగితాలు, మందుల చీటీలు పెట్టెలోనే ఉంటాయి. ఎవరు ఏది పట్టుకోవాలో మనవరాలు రాసి తలుపు వెనక అంటించింది. ఈమధ్య మింగేటప్పుడు దగ్గు వస్తోంది. వచ్చేవారం స్పీచ్ థెరపిస్టును తీసుకెళ్లాలి, అన్నం ఎంత మెత్తగా పెట్టాలో, నీళ్లు ఎలా తాగించాలో కోడలికి చూపించాలి.